ఆటో లాకింగ్ హబ్బులు మొరాయిస్తే: పాత ఫోర్ బై ఫోర్ జీపు ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పాత ఫోర్ బై ఫోర్ జీపుకు నిజమైన పని కూడా ఆ మూడు నెలలే. ఇందుకూరుపేట దాటాక సముద్రం వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలైనా డీజిల్ క్యాన్లైనా ఆ గట్ల మీదుగానే పోవాలి. వాన పడితే గట్టు మీది మట్టి వెన్నలా జారుతుంది. అప్పుడు ముందు చక్రాలు లాగకపోతే బండి గుంటలోనే. నాకు అలా జరిగాకే, ముందు చక్రాన్ని దాని షాఫ్టుతో కలిపి విడదీసే ఈ హబ్బుల సంగతి కూర్చుని నేర్చుకున్నాను. అప్పటి నుంచి చుట్టుపక్కల జీపులున్నవాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్నలే ఇవన్నీ.

లాకింగ్ హబ్బు అసలు ఎందుకు? చక్రాన్ని షాఫ్టుకు నేరుగా బిగించేయొచ్చు కదా?

బిగించొచ్చు. మొదట్లో జీపులన్నీ అలాగే వచ్చాయి. కానీ తారు రోడ్డు మీద బండి వెనక చక్రాలతోనే నడుస్తుంది. ముందు చక్రాలు ఊరికే దొర్లుతూ పోవాలి. వాటిని షాఫ్టుకు బిగించేస్తే, పని లేకపోయినా ముందు యాక్సిల్ షాఫ్టులూ, యాక్సిల్ మధ్యలోని క్రౌను పళ్ల చక్రమూ, దాన్ని తిప్పే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టూ అన్నీ తిరుగుతూనే ఉంటాయి. దానివల్ల హోరు, అరుగుదల, కొంచెం డీజిల్ దండగ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో మిగిలిపోయిన మిలిటరీ జీపులను జనం కొనుక్కుని రోడ్ల మీద తిప్పారు. వాళ్ల కోసం 1948లో ఆర్థర్ వార్న్ అనే ఆయన, కావలసినప్పుడు చక్రాన్ని షాఫ్టుతో కలిపి, వద్దనుకున్నప్పుడు విడదీసే హబ్బులు తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది.

ఆ హబ్బులను బండి దిగి చేత్తో తిప్పాలి. ఆటో హబ్బు తర్వాత వచ్చింది. డ్రైవరు సీట్లోంచి కదలకుండా 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే గేరు; 2హెచ్ అంటే వెనక రెండే) వేస్తే హబ్బు తనంతట తానే పట్టుకుంటుంది. సుఖమే, కాదనను. కానీ చేత్తో తిప్పే హబ్బులో ఉండని సన్న స్ప్రింగులు, వాలు పళ్లు, రబ్బరు సీళ్లు ఇందులో ఉంటాయి. బండి పాతబడేకొద్దీ ముందు మొరాయించేది అవే.

నా బండికి ఉన్నది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

ముందు చక్రం మధ్యలో ఉన్న క్యాప్ చూడండి. దాని మీద ఫ్రీ, లాక్ అని రాసి, తిప్పడానికి చిన్న మర లాంటిది ఉంటే అది చేతి హబ్బు. అదేమీ లేకుండా నున్నటి మూత మాత్రమే ఉంటే బండి కిందికి వంగి, చక్రం లోపలి వైపు నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు మలిగే ఇనుప దిమ్మ) దగ్గర చూడండి. బ్రేకు పైపు కాకుండా మరో సన్నటి రబ్బరు ట్యూబు వచ్చి తగులుకుని ఉంటే అది వాక్యూమ్ హబ్బు. ట్యూబు కూడా లేకపోతే మెకానికల్ ఆటో హబ్బు అయ్యుండాలి, లేదా ఎవరో ఎప్పుడో హబ్బు తీసేసి, చక్రాన్ని షాఫ్టుకు శాశ్వతంగా కలిపే ఫ్లాంజ్ బిగించి ఉండాలి. సెకండ్ హ్యాండులో కొన్న బండికి ఈ చివరి సంగతి తప్పకుండా చూసుకోవాలి. లేని హబ్బుకు రిపేరు చేయించబోయినవాళ్లను నేను చూశాను.

మెకానికల్ రకంలో షాఫ్టు తిరగడమే సైగ. 4హెచ్ వేయగానే, గేరుబాక్సు తిప్పుడును ముందు, వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు షాఫ్టును తిప్పుతుంది. హబ్బులో ఒక చిన్న ముక్క రాపిడితో వెనకబడుతుంది, ఆ తేడాకు వాలు పళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కి లాకు రింగును హబ్బు పళ్లలోకి తోస్తాయి. వాక్యూమ్ రకంలో ఆ తోసే పని గాలి పీడనం చేస్తుంది. ఇంజన్ దగ్గరి పంపు ట్యూబులోని గాలిని లాగేస్తే లోపలి డయాఫ్రమ్ కదిలి లాకు పడుతుంది.

4హెచ్ వేస్తే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతోంది. ముందు చక్రాలు మాత్రం లాగడం లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు పోయినట్టేనా?

ఆగండి. ఈ ప్రశ్నకు తొందరపడి అవునన్నందుకే నా డబ్బు పోయింది.

చాలా పాత బండ్లలో ఆ లైటు చెప్పేది ఒక్కటే. ట్రాన్స్‌ఫర్ కేసులో లివరు పడింది, అంతే. చక్రం దగ్గర హబ్బు పట్టిందా లేదా అనేది దానికి తెలియదు. కాబట్టి లైటు వెలిగి చక్రం లాగకపోతే ముందు అనుమానించాల్సింది హబ్బునే.

మా బండి గట్టు మీద దిగబడినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. లైటు నిక్షేపంగా వెలుగుతోంది. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి, ముందు చక్రాలు దేవుడి గుళ్లో విగ్రహాల్లా కదలకుండా ఉన్నాయి. ట్రాక్టరు తెప్పించి లాగించాం. తర్వాత ఒక షెడ్డుకు తీసుకెళ్తే ట్రాన్స్‌ఫర్ కేసులో చైను సాగిందన్నారు. విప్పారు, చైను మార్చారు, బిల్లు ఇచ్చారు. బండి మళ్లీ అదే గట్టు మీద అలాగే ఆగింది. రెండోసారి ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన ఏమీ విప్పలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి ముందు ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక గీత గీశాడు. 4హెచ్ వేసి మట్టిలో పది అడుగులు నడపమన్నాడు. తను పక్కనే వంగి చూస్తూ నడిచాడు. "షాఫ్టు తిరగతా ఉండాది అబ్బయ్యా. అంటే నీ కేసు బానే ఉండాది. చక్రం కాడికి పోదాం పా" అన్నాడు. ఆ సుద్దగీత ముందే గీసుంటే చైను ఖర్చు మిగిలేది.

మీరూ అదే చేయండి. వెనక చక్రాలు జారే చోట, బండిని మెల్లగా కదిలిస్తూ, ఇంకొకరిని పక్కన దూరంగా నిలబడి చూడమనండి. 4హెచ్‌లో వెనక చక్రాలు ఒకచోటే తిరుగుతున్నప్పుడు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కూడా తిరుగుతూ, ముందు చక్రాలు మాత్రం కదలకపోతే లోపం ట్రాన్స్‌ఫర్ కేసుకు ముందు వైపే ఉంది. షాఫ్టే తిరగకపోతే అప్పుడు కేసు సంగతి చూడాలి. బండి కదులుతుండగా ఎవరూ కిందికి దూరకూడదు.

పోయింది ఒక్క హబ్బే అంటున్నారు. రెండో చక్రమైనా లాగాలి కదా?

లాగదు. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం నింపాదిగా చెప్తాను.

ముందు యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ ఉంది. దానికి ఏ వైపు తేలిగ్గా తిరిగితే ఆ వైపే తిప్పడం అలవాటు. ఎడమ హబ్బు పట్టలేదనుకోండి. ఎడమ షాఫ్టుకు బరువే లేదు, హబ్బు లోపల ఖాళీగా గిరగిరా తిరుగుతుంది. డిఫరెన్షియల్‌కు వచ్చిన తిప్పుడంతా అటే పోతుంది. కుడి హబ్బు కొత్తదైనా, గట్టిగా పట్టుకుని ఉన్నా దానికి అందేది ఏమీ ఉండదు. అంటే ఒక్క హబ్బు పోయినా ముందు రెండు చక్రాలూ పోయినట్టే. బండి రెండు చక్రాల బండి అయిపోతుంది.

దీన్నిబట్టి తెలిసేది ఇంకొకటి. రెండు చక్రాలూ లాగడం లేదు కాబట్టి రెండు హబ్బులూ పోయాయని, లేదా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గేరుబాక్సు పోయిందని అనుకోకండి. చాలాసార్లు దోషి ఒక్క వైపే ఉంటుంది.

ఏ వైపు హబ్బు పోయిందో ఇంటి దగ్గరే కనిపెట్టొచ్చా?

కనిపెట్టొచ్చు. ఒక సాయం మనిషి, జాకీ, రెండు గట్టి స్టాండ్లు, నాలుగు ఇటుకలు చాలు. గట్టి నేల మీద చేయండి. వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకోండి. ముందు యాక్సిల్‌ను ఎత్తి స్టాండ్ల మీద దించండి. ఉత్త జాకీని నమ్మి బండి కింద తల పెట్టకండి, ఒక్క నిమిషానికైనా సరే.

మొదట 2హెచ్‌లో ఉంచి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. చక్రం తేలిగ్గా తిరగాలి, దాని వెనక కనిపించే యాక్సిల్ షాఫ్టు కదలకూడదు. చక్రంతో పాటు షాఫ్టూ తిరుగుతుంటే ఆ హబ్బు విడవకుండా పట్టుకుపోయింది.

మెకానికల్ హబ్బులైతే తర్వాతి పరీక్ష ఇది. లివరు 2హెచ్‌లోనే ఉండనివ్వండి. బండి పక్కనుంచి చేయి పెట్టి ముందు ప్రొపెల్లర్ షాఫ్టును ఒకే వైపుకు తిప్పుతూ పోండి. చాలా చుట్లు తిప్పాలి, ఓపిక పట్టండి. కాసేపటికి ఒక వైపు నుంచి టక్ మని వినిపించి, ఆ చక్రం తిరగడం మొదలుపెడుతుంది. సాయం మనిషిని ఆ చక్రాన్ని పట్టుకోమనండి. ఇప్పుడు రెండో వైపు షాఫ్టు తిరిగి, అక్కడా టక్ మని, ఆ చక్రం కదలాలి. రెండూ పలికితే హబ్బులు మంచివే. అలా కాకుండా ఒక వైపు షాఫ్టు తిరుగుతూనే ఉండి చక్రం మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉందా? ఆ వైపు విప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టును ఎదురు వైపుకు తిప్పి, విడుస్తున్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోవచ్చు.

కొన్ని పాత బండ్లలో చక్రం వెనక జాయింటు గుండ్రటి ఇనుప మూత లోపల ఉండి షాఫ్టు కనిపించదు. అలాంటప్పుడు హబ్బు క్యాప్ విప్పి, లోపల షాఫ్టు కొసను చూస్తూ ఇదే పరీక్ష చేయాలి.

వాక్యూమ్ హబ్బులకు ఈ పరీక్ష పనికొస్తుందా?

విడుస్తోందా లేదా అనే మొదటి సగం పనికొస్తుంది. పట్టుకుంటుందా లేదా అనేదానికి వేరే దారి ఉంది. వాక్యూమ్ రకంలో హబ్బు దాకా గాలి లాగుడు అందకపోవడమే ఎక్కువసార్లు అసలు జబ్బు.

మొదట చెవి పెట్టండి. ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి, స్విచ్చుతో 4హెచ్ వేసే బండ్లలో బానెట్ కింద సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) టిక్ మనాలి. అనకపోతే ఫ్యూజు, వైరు, దానికి 12 వోల్టులు అందుతున్నాయా అని చూడాలి. తర్వాత కళ్లు. ట్యూబులన్నీ వెతికి పట్టుకోండి. చక్రం తిరిగే చోట, ఇంజన్ వేడి తగిలే చోట, బిగింపు కొసల్లో రబ్బరు పగిలి ఉంటుంది. మా ఎండలకు రబ్బరు అప్పడంలా పెళపెళలాడుతుంది. ఎలుకలు కొరికిన ట్యూబులు కూడా చూశాను. మేత బస్తాలు మోసే బండి కదా, వాటికి ఆ వాసన కావాలి.

ట్యూబులు బాగుంటే చేతి వాక్యూమ్ పంపు తెచ్చుకోండి. బ్రేకుల్లో గాలి తీయడానికి కొందరు మెకానిక్కులు వాడతారు, గడియారం లాంటి మీటరు ఉంటుంది. నకిల్ దగ్గర ట్యూబు ఊడదీసి, ఆ కొసకు పంపు తగిలించి మీటరు మీద 15 అంగుళాల (పాదరసం లెక్కలో) దాకా లాగి ఆపండి. ముల్లు ఒక నిమిషం నిలబడాలి. వెంటనే పడిపోతే హబ్బు లోపలి సీలు కారుతోంది. ముల్లు నిలబడింది కానీ చక్రాన్ని అటూ ఇటూ ఊపినా లాకు పడకపోతే లోపల ముక్కలు తుప్పుకో గ్రీజుకో బిగుసుకుపోయాయి. ముల్లు నిలబడి లాకూ పడితే హబ్బు తప్పేమీ లేదు, ఇంజన్ వైపు వెతకండి. కొన్ని మోడళ్లలో పట్టుకోవడానికి ఒక స్థాయి వాక్యూమ్, విడవడానికి ఇంకో స్థాయి ఇస్తారు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకుని పంపు లాగండి.

ఒక హెచ్చరిక. మన డీజిల్ బండ్లలో చాలావాటికి వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, బ్రేకు బూస్టరుకు కూడా అదే ఆధారం. 4హెచ్ వేసినప్పుడు బ్రేకు పెడల్ గట్టిపడినట్టు అనిపిస్తే హబ్బుల ట్యూబులో పెద్ద లీకు ఉందన్నమాట. అది హబ్బు రిపేరు కాదు, బ్రేకు రిపేరు. ఆ రోజే చేయించండి.

బురదలోంచి బయటికొచ్చి 2హెచ్ వేశాను. హబ్బులు విడవడం లేదు, ముందు నుంచి హోరు వస్తోంది.

మెకానికల్ ఆటో హబ్బులు లివరు మార్చినంత మాత్రాన విడవవు. బండి ఆపి, 2హెచ్ వేసి, స్టీరింగ్ నేరుగా పెట్టి, రెండు మూడు మీటర్లు మెల్లగా వెనక్కి పోవాలి. ఎదురు తిప్పుడు తగిలితేనే వాలు పళ్లు వెనక్కి జారతాయి. ఈ ఒక్క సంగతి తెలియక షెడ్డుకు వచ్చే బండ్లు చాలా ఉంటాయి. మాన్యువల్ చదివేవాళ్లు తక్కువ, సెకండ్ హ్యాండు బండితో మాన్యువల్ వచ్చేది ఇంకా తక్కువ.

వెనక్కి పోయినా విడవకపోతే, గట్టి రోడ్డు మీద 4హెచ్‌లో నడిపారేమో గుర్తు తెచ్చుకోండి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం పోతాయి. మట్టిలో చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగువంతా షాఫ్టుల్లో పేరుకుంటుంది. లివరు కూడా రాళ్లలో ఇరుక్కున్నట్టు రాదు. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద 4హెచ్ మర్చిపోయి వచ్చిన ఒకాయన బండి, వెనక్కి అటూ ఇటూ నాలుగుసార్లు ఆడిస్తే గానీ విడవలేదు. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు టైర్లు వేసినా ఇదే బిగువు వస్తుంది. ఒక జత కొత్తవి, ఒక జత బాగా అరిగినవి ఉన్నా కొంత వస్తుంది.

ఇవేవీ కాకపోతే లోపల స్ప్రింగు విరిగిందో, గ్రీజు గట్టిపడిందో అనుకుని విప్పాలి. అంతదాకా 2హెచ్‌లో మెల్లగా నడుపుకోవచ్చు. హోరు వస్తుంది, అంతే. కరకరమని పళ్లు నూరే చప్పుడు వస్తే మాత్రం నడపకండి.

ముందు చక్రం దగ్గర కటకట చప్పుడు. హబ్బేనా?

అన్ని కటకటలూ హబ్బువి కావు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వచ్చి, నేరుగా పోతుంటే ఆగేది సీవీ జాయింటు (చక్రం మలిగినా షాఫ్టు తిరిగేలా చేసే కీలు) చప్పుడు. 4హెచ్‌లో బరువు పడి లాగేటప్పుడు ఠక్ ఠక్ మని బండి అదిరితే హబ్బు పళ్లు సగం పట్టి జారుతున్నాయి. వెంటనే యాక్సిలేటరు వదలండి. అలాగే తొక్కితే మిగిలిన పళ్లు కూడా గుండ్రంగా అరిగిపోతాయి. 2హెచ్‌లో కూడా చక్రం తిరిగినంతసేపూ గరగర వస్తుంటే ముందు వీల్ బేరింగ్ చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుంది. బేరింగ్ ఆట ఉన్న చక్రానికి కొత్త హబ్బు వేసినా నిలవదు. ఆ వంకర ఊగిసలాటే హబ్బును తినేస్తుంది.

హబ్బు విప్పి శుభ్రం చేయడం నేను చేసుకోగలనా?

పానాలు పట్టడం అలవాటుంటే చేసుకోగలరు. హడావిడి లేని రోజు పెట్టుకోండి. కింద తెల్లటి పాత పంచె పరచండి. సన్న స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడితే సాయంత్రం దాకా వెతకాలి. క్యాప్ బోల్టులు సాధారణంగా ఆరు ఉంటాయి, చాలావాటికి అలెన్ కీ కావాలి. బోల్టు తలలో నిండిన మట్టిని మేకుతో గోకి తీశాకే కీ పెట్టండి, లేకపోతే తల గుండ్రం అయిపోతుంది. ఒక్కో ముక్క తీసేటప్పుడు ఫోన్లో ఫోటో తీసుకోండి, తీసిన వరుసలోనే పంచె మీద పేర్చండి.

మా బండి ఎడమ హబ్బు క్యాప్ తీసిన క్షణం నాకింకా కళ్ల ముందుంది. లోపల గ్రీజు ఉండాల్సిన చోట పాలు ఎక్కువైన కాఫీ రంగులో ముద్ద ఉంది. వేలితో తీస్తే నీళ్లు కారాయి. గ్రీజులో నీళ్లు కలిస్తే వచ్చే రంగు అది. ఆ ముద్ద కింద లాకు రింగు, దాని అంచుల్లో ఎర్రమట్టి రంగు తుప్పు. రింగును వేళ్లతో నొక్కితే కదలాలి, అది కదలలేదు. కుడి వైపు విప్పితే గ్రీజు నల్లగా, శుభ్రంగా ఉంది. పెద్దాయన రెండు హబ్బులనూ పక్కపక్కన పెట్టి, "ఈ ఒక్కదానికే గదా నువ్వు అన్ని కష్టాలూ పడింది" అన్నాడు.

ముక్కలను కిరసనాయిల్లోనో డీజిల్లోనో నానబెట్టి బ్రష్షుతో కడగండి. పెట్రోలు వద్దు, నిప్పు భయం. రబ్బరు సీళ్లను వేరుగా గుడ్డతో తుడవండి. ఆరాక ఒక్కో ముక్కనూ వెలుతురులో పెట్టి చూడండి. లాకు పళ్ల మూలలు పదునుగా ఉండాలి. వాలు పళ్ల మీద మెట్టులా గీత పడితే ఆ ముక్క పని అయిపోయినట్టే. ప్లాస్టిక్ ముక్కలుంటే నెర్రెలు చూడండి. రాపిడి ముక్క నున్నగా అరిగిపోతే హబ్బుకు పట్టుకోవాలనే సైగ అందదు. షాఫ్టు కొసకు ఉండే సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) వదులైతే కొత్తది వేయండి, పాతది వంచి వాడకండి. క్యాప్ సీలు ఎలాగూ మార్చాలి, నీళ్లు వచ్చిన దారి అదే.

తిరిగి బిగించేటప్పుడు ఒకటి గమనించండి. కొన్ని మెకానికల్ రకాల్లో వీల్ బేరింగ్ లాక్‌నట్టు పక్కనే హబ్బు కామ్ (వాలు పళ్లున్న రింగు) కూర్చుంటుంది. ఆ నట్టు ఎక్కువ బిగిసినా తక్కువ బిగిసినా హబ్బు విడవదు. బిగువు ఎంత ఉండాలో మాన్యువల్ చూసి, టార్క్ పానాతో బిగించండి. అలవాటు లేకపోతే ఈ ఒక్క పనికి మెకానిక్‌ను పిలవండి.

ఏ గ్రీజు వేయాలి? ఎంత?

తక్కువ. అతి తక్కువ. వీల్ బేరింగ్‌కు కూరినట్టు హబ్బు నిండా గ్రీజు కూరడం మన షెడ్లలో అలవాటు. చేసేవాళ్లు మంచికే చేస్తారు, ఎక్కువ గ్రీజు అంటే ఎక్కువ రక్షణ అనుకుంటారు. హబ్బుకు అదే విషం. చిక్కటి గ్రీజులో లాకు రింగు ఈదలేదు, స్ప్రింగు తోయలేదు. మెకానికల్ రకంలో రాపిడి ముక్కకు గ్రీజు పూస్తే అది జారిపోయి అసలు పనే చేయదు. కంపెనీ చెప్పిన రకం గ్రీజును కదిలే చోట్ల మాత్రం వేలితో పలచగా, ఇనుము రంగు కొంచెం కనిపించేంతగా పూయండి. మిగతాది తుడిచేయండి.

మాది రొయ్యల గుంటల దగ్గర పని, అప్పుడప్పుడు మైపాడు బీచ్ ఇసుకలోకీ పోతుంటాం. ఉప్పునీళ్లకు ఏం చేయాలి?

ఉప్పునీళ్లు లోపలికి పోయాక చేసేది తక్కువ, పోకుండా చేసేది ఎక్కువ. దూరం నుంచి వచ్చిన బండి హబ్బులు వేడిగా ఉంటాయి. ఆ వేడితోనే నీళ్లలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, సీలు పక్కనుంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. అందుకే నీళ్ల దగ్గరికి రాగానే బండి ఆపి, హబ్బు మీద చేయి పెట్టి చూడండి. వేడి తగ్గాకే దించండి. యాక్సిల్ హౌసింగ్ మీద ఉండే బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) మట్టితో మూసుకుపోయినా ఇదే పీల్చుడు జరుగుతుంది. అది తెరిచి ఉందో లేదో నెలకొకసారి చూడండి.

బీచ్ నుంచి వచ్చిన రోజే చక్రాలనూ నకిల్స్‌నూ మంచినీళ్లతో కడగండి. ప్రెషర్ పైపును మాత్రం సీళ్ల మీద గురి పెట్టకండి. నీళ్లు ఇరుసు పైదాకా వచ్చిన రోజు ఉంటే వారంలోగా ఒక హబ్బు విప్పి గ్రీజు రంగు చూడటం మేలు. కొత్తపట్నం బీచ్ వైపు తిరిగే ఒంగోలు బండ్లకూ ఇదే వర్తిస్తుంది. చీమకుర్తి క్వారీల్లో తిరిగే బండ్లకు నీళ్ల బాధ తక్కువ, రాతి పొడి బాధ ఎక్కువ. ఆ పొడి గ్రీజులో కలిస్తే గరుకు కాగితంలా అరగదీస్తుంది.

కొండ దిగుడులో ఆటో హబ్బును నమ్మొచ్చా?

మెకానికల్ ఆటో హబ్బునైతే పూర్తిగా నమ్మకండి. ఇంజన్ బ్రేకింగ్‌తో దిగేటప్పుడు షాఫ్టు చక్రాన్ని తిప్పదు, చక్రమే షాఫ్టును తిప్పుతుంది. తిప్పుడు దిశ మారినట్టు హబ్బుకు అనిపించి అది విడిచేయొచ్చు. ఉదయగిరి వైపు మట్టి కొండదారుల్లో ఇలా విడిస్తే ఇంజన్ పట్టు వెనక చక్రాలకే మిగులుతుంది, బండి ఉన్నట్టుండి తేలికైనట్టు అనిపిస్తుంది. ఇంకా మెల్లగా, కింది గేరులో, బ్రేకు మీద కాలుతో దిగండి. బురదలో ముందుకూ వెనక్కీ ఊపుతూ బయటపడే అలవాటు ఉన్నవాళ్లు కూడా జాగ్రత్త. గేరు మార్చిన ప్రతిసారీ హబ్బు విడిచి మళ్లీ పట్టుకుంటుంది. ఇంజన్ రేజ్ చేస్తూ అలా చేస్తే ఆ దెబ్బకే పళ్లు ఊడతాయి. చేతి హబ్బుకూ వాక్యూమ్ హబ్బుకూ ఈ విడిచే గుణం లేదు.

ఆటో హబ్బులు తీసేసి చేతి హబ్బులు వేయించుకోమంటారా?

నేను వేయించుకున్నాను. మా పనికి అదే సరైందని నా గట్టి అభిప్రాయం. చేతి హబ్బులో ముక్కలు తక్కువ, లాకు పడిందో లేదో కంటికి కనిపిస్తుంది, లైటును నమ్మాల్సిన పని లేదు. అమెరికా వార్న్, బ్రెజిల్ ఏవీఎం ఈ హబ్బులకు పేరున్నవి. కొనేముందు మీ షాఫ్టు కొస మీద స్ప్లైన్ గాళ్లు లెక్కపెట్టండి, హబ్బు బోల్టుల సంఖ్య, దూరం కొలవండి. చూడటానికి ఒకేలా ఉన్నవి ఒక గాడి తేడాతో ఎక్కవు.

ఎప్పుడూ జతగానే మార్చండి. ఒక వైపు లాక్‌లో, ఒక వైపు ఫ్రీలో మర్చిపోకండి. వాక్యూమ్ హబ్బులు తీసేస్తే మిగిలిపోయిన ట్యూబుల కొసలు గట్టిగా మూసేయాలి, లేకపోతే బ్రేకుల వాక్యూమ్ అటు కారిపోతుంది. ఇబ్బంది ఒక్కటే. బురదలో దిగబడ్డాక దిగి, వంగి, మట్టిలో చేయి పెట్టి తిప్పాలి. కాబట్టి గట్టు ఎక్కకముందే, పొడి నేల మీదే తిప్పేసుకునే అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లూ పెద్దవాళ్లూ కూడా నడిపే బండి, బురదలోకి ఏడాదికి రెండుసార్లు పోయే బండి అయితే ఆటో హబ్బును బాగుచేయించుకుని ఉంచుకోండి. ప్రతివాళ్లూ మార్చాల్సిన అవసరం లేదు.

హబ్బు బదులు ఫ్లాంజ్ బిగించేస్తే?

బండి క్వారీలోనో గుంటల దగ్గరో మాత్రమే తిరిగేదైతే చేయొచ్చు. చౌక, గట్టి. హైవే ఎక్కే బండికి వద్దు.

4హెచ్ వాడకపోతే హబ్బులు ఎక్కువ కాలం వస్తాయా?

తిరగబడుతుంది. వాడని హబ్బే ముందు బిగుసుకుంటుంది. ఎండాకాలం అంతా లివరు ముట్టుకోకుండా, నవంబరు తుపాను రోజున వేస్తే పట్టదు. నెలకొకసారి మట్టి రోడ్డు మీద 4హెచ్ వేసి ఒక కిలోమీటరు నడపండి. ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిలూ, హబ్బులో గ్రీజూ కదులుతాయి. సెప్టెంబరులో ఒకసారి పైన చెప్పిన స్టాండ్ల పరీక్ష చేసుకోండి. వాన మొదలయ్యాక షెడ్డుల్లో క్యూ ఉంటుంది.

గట్టు మీద ఉండగానే హబ్బు విరిగితే ఇంటికి చేరేదెలా?

మొదట 2హెచ్ వేసి మెల్లగా నడిపి చూడండి. చప్పుడు లేకపోతే అలాగే వచ్చేయొచ్చు. విరిగిన ముక్క లోపల కరకరలాడుతుంటే క్యాప్ విప్పి, లాకు రింగూ విరిగిన ముక్కలూ బయటికి తీసి, క్యాప్ తిరిగి బిగించి 2హెచ్‌లో రండి. వీల్ బేరింగ్‌ను వేరే లాక్‌నట్టు పట్టి ఉంచే బండ్లలో మాత్రమే ఇది చేయాలి. మీ బండి అలాంటిదో కాదో ఇంటి దగ్గర విప్పినప్పుడే చూసి పెట్టుకోండి. దానికి కావలసినవి ఎక్కువేమీ కావు. సరైన సైజు అలెన్ కీ, సర్క్లిప్ ప్లయర్, రెండు కొత్త సర్క్లిప్పులు, ఒక క్యాప్ సీలు, అరచేయంత డబ్బాలో గ్రీజు, ఒక పాత పంచె. మా జీపులో ఇవన్నీ సీటు కింద గోనెసంచిలో ఉంటాయి. సుద్దముక్క మాత్రం గ్లోవ్ బాక్సులో.